పెరటి పిట్టలకు మేత: కొవ్వా, కంకులా?



ఎరువుల గురించీ, విత్తనాల గురించీ మనం తరచుగా ముచ్చటించుకుంటూనే ఉంటాం. ఈవేళ వాటిని కాస్త పక్కన పెట్టి, మన పెరట్లోకి, మన చేలోకి వచ్చే పిట్టల మేత గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "పిట్టల మేత కూడా వ్యవసాయమేనా?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పులేదు. కాని చివరిదాకా నా వెంట రండి. పురుగుమందుకు పెట్టే ఖర్చుకూ, మన చూరుకు వేలాడే కంకుల గుత్తికీ చుట్టరికం ఉన్నదని మీకే తెలుస్తుంది.

నేనుండేది హైదరాబాదు తూర్పు దిక్కున, మూసారాంబాగ్‌లో. ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసునా? నిజాం కొలువులో సైన్యాన్ని నడిపిన ఫ్రెంచి సేనాని మొస్యూ రేమండ్ 1798లో చనిపోయాడు. అతని సమాధి ఇక్కడికి దగ్గరలోనే, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉన్నది. జనం నోట అతని పేరు మూసా రాముగా మారింది. బాగ్ అంటే తోట. అంటే ఒకప్పుడు ఈ చోటు పేరులోనే తోట ఉన్నదన్నమాట. ఇప్పుడు మెట్రో రైలు స్టేషను ఉన్నది, అపార్టుమెంట్లు ఉన్నవి, తోట మాత్రం పేరులోనే మిగిలింది. అయినా సందుల్లో పాత ఇళ్లు కొన్ని ఉన్నవి. మా ఇంటి పెరట్లో ఒక వేపచెట్టూ, ఒక గోరింట పొదా, ఒక బావి గట్టూ మిగిలాయి. అవి ఉన్నందువల్ల పిట్టలూ మిగిలాయి.

రెండేళ్ల కిందట మా పక్కింటి కుర్రవాడు లండనులో చదువు ముగించుకొని వచ్చాడు. పిట్టలంటే వాడికి ప్రాణం. ఒకనాడు పొద్దున్నే సన్నని వలసంచీలో తెల్లని ముద్ద ఒకటి పెట్టి, మా వేపకొమ్మకు వేలాడగట్టాడు.

"ఇదేమిట్రా అబ్బాయీ?" అన్నాను.

"కొవ్వు ముద్ద, తాతా. మటన్ కొట్టులో చర్వి తెచ్చి, కరిగించి, గింజలు కలిపి గట్టిపరిచాను. అక్కడ ప్రతి ఇంటి పెరట్లోనూ ఇట్లాగే కడతారు. పిట్టలు ఎగబడి తింటాయి" అన్నాడు.

వాడి మనసు మంచిది. ఆ దేశంలో ఆ పద్ధతీ మంచిదే. అది అక్కడ ఎందుకు మంచిదో, ఇక్కడ ఎందుకు కాదో తెలుసుకుంటే, మన పిట్టలకు ఏం పెట్టాలో దానంతట అదే తేలుతుంది.

గొర్రెలకూ పశువులకూ మూత్రపిండాల చుట్టూ గట్టిగా, తెల్లగా పేరుకునే కొవ్వు ఉంటుంది. కొవ్వు ముద్దకు వాడేది దాన్నే. ఒక గ్రాము పిండి పదార్థం మన ఒంట్లో దాదాపు 4 కేలరీల వేడినిస్తే, ఒక గ్రాము కొవ్వు 9 కేలరీలు ఇస్తుంది. అంటే ఎత్తుకు ఎత్తు చూస్తే రెండింతలకు పైమాటే. ఇంగ్లాండులో డిసెంబరు రాత్రి 16 గంటలు ఉంటుంది. నేల గడ్డకడుతుంది, పురుగు కంటికి కనిపించదు. అక్కడి చిన్న పిట్టల్లో కొన్నిటి బరువు 10 గ్రాములకు మించదు. అంత చిన్న ఒళ్లు అంత పొడుగు రాత్రి వేడిగా ఉండాలంటే పొయ్యిలో కట్టె ఆరిపోకూడదు. ఆ పిట్టకు కొవ్వే కట్టె. పగలు తిని దాచుకున్న కొవ్వును రాత్రంతా కరిగించుకొని తెల్లవారేసరికి బతికి ఉంటుంది. కాబట్టి అక్కడ చలికాలంలో కొవ్వు ముద్ద పెట్టడమంటే ప్రాణదానమే.

మరి మన హైదరాబాదు సంగతి ఏమిటి? ఇక్కడ అన్నిటికంటె పొడుగు రాత్రి కూడా 13 గంటల లోపే. చలి ఎంత వణికించినా కుంటలో నీళ్లు గడ్డకట్టవు. డిసెంబరులోనూ చెట్టు మీద పురుగు పాకుతూనే ఉంటుంది, రావి పండ్లో మర్రి పండ్లో ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటవి. మన పిట్టకు గండం చలికాలం కాదు సుమా! ఎండాకాలం. మేలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, చేలు బీడుపడి, కుంటలు ఎండి, నోరు తెరుచుకొని రొప్పే పిట్టకు కొవ్వు పెట్టడమంటే, దాహంతో వచ్చిన చుట్టానికి నేతి గిన్నె చేతికిచ్చినట్లే.

ఇక ఆ కొవ్వు ముద్ద మా పెరట్లో ఏం చేసిందో చెబుతాను. కట్టింది ఫిబ్రవరి నెలాఖరున. మొదట కాకులు వచ్చాయి. కాకుల వెనుక గద్ద వచ్చింది. రాత్రి పందికొక్కు చెట్టెక్కబోయింది. చీమలు బారులు కట్టాయి. మార్చిలో ఎండ ముదిరింది. గట్టి కొవ్వు పూర్తిగా కరిగేది 45 డిగ్రీల ప్రాంతంలో. కాని దానికి ఎంతో ముందే మెత్తబడి, జిడ్డు కారడం మొదలుపెడుతుంది. ఎండ పడే కొమ్మకు కట్టిన ముద్ద నీడలో ఉన్నదానికంటె త్వరగా కాగుతుంది. నాలుగో రోజుకు మక్కు వాసన కొట్టింది.

మా గోరింట పొదలో పిగిలిపిట్టల జంట గూడు కట్టుకున్నది. అవీ రెండుమూడు మార్లు వచ్చి ఆ ముద్దను పొడిచాయి. ఒకదాని రొమ్ము ఈకలు జిడ్డుతో అంటుకుపోయి పేలికల్లాగా కనిపించాయి. పిట్టకు ఈకలే దుప్పటి, ఈకలే గొడుగు. తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి అది తన నూనె తాను తీసుకొని, ముక్కుతో ఈక ఈకకూ పట్టించి దువ్వుకుంటుంది. బయటి జిడ్డు పడితే ఆ ఏర్పాటంతా చెడుతుంది. ఇంకొక ప్రమాదం కూడా ఉన్నది. గుడ్డు పెంకుకు కంటికి కనబడని సన్నని రంధ్రాలు ఉంటవి. లోపలి పిల్ల గాలి పీల్చేది వాటిగుండానే. పొదిగే తల్లి రొమ్ముకు జిడ్డు ఉంటే అది గుడ్లకంటి ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. మా పొదలోని మూడు గుడ్లలో ఒక్కటీ పిల్ల కాలేదు. అది ఈ కొవ్వు మూలానే జరిగిందని నేను ఒట్టేసి చెప్పలేను. కాని ఆ కుర్రవాడు తనంతట తానే నిచ్చెన వేసుకొని సంచీ విప్పేశాడు. "మరి ఇక్కడ ఏం పెట్టాలి, తాతా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగం.

జవాబు మన పెద్దలు ఎప్పుడో చెప్పి ఉన్నారు. చెప్పింది మాటతో కాదు, చూరుకు వేలాడగట్టి చూపించారు. కోత కాలంలో నిండైన వరి కంకులు ఏరి, గుత్తిగా అల్లి, ఇంటి వసారాలోనో, గుడి మండపంలోనో వేలాడదీసేవారు. కొన్ని ఊళ్లలో కుచ్చు అంటారు, కొన్నిచోట్ల గుత్తి అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. పండిన పంటలో పిచ్చుకకు దాని వాటా ఇవ్వడం. కొవ్వు ముద్ద చలిదేశపు తెలివి అయితే, కంకుల గుత్తి మన దేశపు తెలివి. ఎండకు కరగదు, వాసన కొట్టదు, గద్దను పిలవదు. గింజ మీద పొట్టు ఉంటుంది కాబట్టి పుచ్చదు. పిచ్చుకకు ఆ పొట్టు వలుచుకోవడం ఒక లెక్క కాదు. దాని ముక్కు చూడండి, పొట్టిగా, దిట్టంగా, మొదలు లావుగా ఉంటుంది. గింజను అంచున పెట్టి నొక్కితే పొట్టు ఒకవైపు, బియ్యం ఒకవైపు.

గుత్తి కట్టే విధానం తెలియని పిల్లలు ఇప్పుడు ఊళ్లలోనూ ఉన్నారు. కోత యంత్రం మడిలో దిగిందంటే కంకి మిగలదు. అందుచేత యంత్రం దిగకముందే మడి మూల ఒక చిన్న చెక్క కొడవలితో కోసుకోండి. కాడ మూరెడు పొడుగు ఉండాలి. కాడలో కాస్త పచ్చిదనం ఉంటే అల్లికకు వంగుతుంది. ఎండిపోయి ఉంటే కాడల వరకు మాత్రమే నీళ్లలో కాసేపు నానవేయండి, కంకులు తడపవద్దు. అల్లడం రాకపోతే చింత లేదు. 200 కంకులు సమంగా పట్టి, మెడ దగ్గర జనపతాడుతో బిగించి, కంకులు కిందికి వచ్చేట్లు వేలాడదీస్తే చాలు. కంకికి వంద గింజలు వేసుకున్నా అందులో దాదాపు అరకిలో ధాన్యం ఉంటుంది. కట్టేముందు రెండు రోజులు నీడలో ఆరబెట్టాలి. తడి ఉంటే బూజు పడుతుంది. మనిషి తలకు రెండడుగుల ఎత్తున, పిల్లి దూకలేని చోట, వాన జల్లు పడని చూరు కింద కట్టాలి.

ఒక్క హెచ్చరిక. పురుగుమందు ఈమధ్యే కొట్టిన మడిలోని కంకులు తేవద్దు. డబ్బా మీద కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలని రాసి ఉంటుందో ఆ గడువు మనకే కాదు, పిట్టకూ వర్తిస్తుంది. అట్లాగే విత్తనశుద్ధి చేసిన గింజలు, ఎర్రగానో నీలంగానో రంగు పట్టించి సంచుల్లో వచ్చేవి, మిగిలిపోయాయి గదా అని పెరట్లో చల్లితే అది మేత కాదు, విషం. విత్తేటప్పుడు కూడా గట్టున ఒలికిన గింజలను మట్టితో కప్పండి. గుళికల మందు గింజలాగా కనబడి పిట్టను మోసం చేస్తుంది. అది నేలమీద తేలకుండా చూడవలసిన పూచీ మనది.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, తెలియక పెట్టిన మేత ఎంత పని చేస్తుందో మన దేశం ఒకసారి చూసింది. పశువుల నొప్పులకు వాడే డైక్లోఫినాక్ అనే మందు సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆ మందు వేసిన కొద్ది రోజులకు పశువు చనిపోతే, ఆ కళేబరాన్ని తిన్న రాబందులకు మూత్రపిండాలు చెడిపోయి చనిపోయాయి. ఈ సంగతి 2004లో శాస్త్రజ్ఞులు బయటపెట్టేనాటికే కొన్ని జాతుల రాబందుల్లో నూటికి 95కి పైగా పోయాయి. 2006లో ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. మన తెలంగాణాలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్లు కనబడినప్పుడు పక్షులు తెలిసినవారు పండుగ చేసుకున్నారు. ఒకనాడు ప్రతి ఊరి పొలిమేరలోనూ కనిపించిన పక్షికి ఆ గతి పట్టింది. పిట్ట ముందు ఏది పెట్టినా, అందులో ఏమున్నదో ముందు మనకు తెలిసి ఉండాలి.

కంకులు దొరకని పట్నవాసులు ఏం చేయాలి? కొర్రలు, సజ్జలు, పచ్చజొన్నలు, నూకలు, వీటిలో ఏదైనా రోజుకు ఒక గుప్పెడు చాలు. పొద్దున్నే ఒకచోట వేసి, సాయంత్రానికి మిగిలింది ఊడ్చేయండి. ఉప్పు వేసిన అన్నం, పచ్చడి కలిపిన మెతుకులు, రొట్టె ముక్కలు వద్దు. కొవ్వుకు బదులు కొవ్వున్న గింజే పెడదామనుకుంటే మనకు వేరుశనగ ఉన్నది. ఉప్పు లేని పచ్చి పల్లీలను బద్దలుగా నలగ్గొట్టి పెట్టవచ్చు. అయితే బూజు పట్టిన పల్లీలు "పిట్టలే గదా తినేది" అని పడేయవద్దు. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు హఠాత్తుగా చనిపోయాయి. కారణం వెతికితే వాటి దాణాలో కలిపిన వేరుశనగ పిండికి పట్టిన బూజులో విషం ఉన్నదని తేలింది. అదే అఫ్లాటాక్సిన్. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు దాని మీద ఎంతో పని చేశారు. పిట్టకు పనికిరాని పల్లీ కోడికీ పనికిరాదు, మనకూ పనికిరాదు.

పావురాల సంగతి వేరు. చార్మినారు దగ్గర, మక్కా మసీదు దగ్గర పావురాలకు జొన్నలు చల్లడం మీరు చూసే ఉంటారు. అది భక్తితో చేసే పని, నేను కాదనను. కాని మిద్దె మీద, బాల్కనీలో బస్తాలకొద్దీ గింజలు పోస్తే పావురాలు వేలకువేలుగా పెరుగుతాయి. చిన్న పిట్టలకు చోటు ఉండదు. ఎండిన రెట్ట దుమ్మై గాలిలో లేచి ఊపిరితిత్తుల్లో చేరి, కొందరికి మానని ఆయాసం తెస్తుంది. కంకుల గుత్తికి ఈ బాధ తక్కువ. ఊగే గుత్తిని పట్టుకొని తినడం పిచ్చుకకు వచ్చును, లావుపాటి పావురానికి కష్టం.

ఎండాకాలం వచ్చిందంటే మేత కంటె నీళ్లు ముఖ్యం. వెడల్పు మట్టి మూకుడు ఒకటి నీడలో పెట్టండి. నీళ్ల లోతు రెండంగుళాలకు మించవద్దు. మధ్యలో ఒక గరుకు రాయి పెడితే పిట్ట దానిమీద నిలబడి తాగుతుంది. రోజూ పొద్దున నీళ్లు పారబోసి, కొబ్బరి పీచుతో తోమి, కొత్త నీళ్లు పోయాలి. ఒకటి, డెంగీ దోమ పిల్ల నీళ్లలో పెరిగి రెక్కలు తెచ్చుకోవడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి, రోజూ పారబోస్తే దోమ పుట్టదు. రెండు, పిట్ట నుంచి పిట్టకు రోగం అంటదు. ఇంగ్లాండులో గ్రీన్‌ఫించ్ అనే పిట్టలు ఇట్లా మేత పళ్లేల దగ్గర గుమికూడి, ఒకదాని ఎంగిలి ఒకటి తిని, 2005 తరువాత గొంతు జబ్బుతో పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. కోళ్లు పెంచే సోదరులు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. షెడ్డు దగ్గర గుత్తి కట్టవద్దు, మూకుడు పెట్టవద్దు. కొక్కెర తెగులు, బర్డ్ ఫ్లూ వంటివి అడవి పక్షుల ద్వారా షెడ్డులోకి రావచ్చు. పిట్టకు ఇంటి ముందు మర్యాద, కోడికి షెడ్డులో రక్షణ.

ఇంతవరకూ బాగానే ఉన్నది. కాని మీ మనసులో ఒక మాట మెదులుతూ ఉంటుంది. అది మా బావ నోటితోనే చెబుతాను. ఆయన ఇబ్రహీంపట్నం వైపు జొన్న, కంది వేస్తాడు. పోయిన సంక్రాంతికి మా ఇంటికి వచ్చి, చూరుకున్న గుత్తి చూసి ఊరుకోలేదు.

"ఏం బావా! పట్నంల కూసొని పిట్టలకు దావత్ ఇస్తున్నవా? నా జొన్నచేన్ల పడి దోసుకునేటివి గివ్వే గద! నువ్వు మేపుడు, నేను మంచె మీద కూసొని వడిసెల తిప్పుడా?" అన్నాడు.

బావ చెప్పింది అబద్ధం కాదు. జొన్న, సజ్జ, వరి కంకిలో పాలు పోసుకున్నప్పటి నుంచి గింజ గట్టిపడేదాకా పిచ్చుకలు, గిజిగాళ్లు, జీనువాయిలు గుంపులుగా పడతాయి. రామచిలుకలు మక్క కంకినీ, పొద్దుతిరుగుడు పువ్వునూ వదలవు. ఈ నష్టం కష్టపడినవాడికే తెలుస్తుంది. కాని అదే పిట్ట ఏడాదిలో మిగతా రోజులు ఏం చేస్తుందో కూడా లెక్క వేయాలి గదా! పిచ్చుక తాను గింజ తిన్నా, గుడ్డులోంచి వచ్చిన పిల్లకు గింజ పెట్టదు. ఆ పసికందుకు మెత్తని పురుగే కావాలి. గూట్లో ఉన్న దాదాపు రెండు వారాలూ తల్లీ తండ్రీ పొద్దుపొడిచింది మొదలు పొద్దుగుంకేదాకా పురుగులు ఏరి మోస్తూనే ఉంటాయి. గిజిగాడూ తన పిల్లలకు పురుగులు తెస్తుంది. మన రాష్ట్రపక్షి పాలపిట్ట, తోక చీలిన నల్లని పసులపోలిగాడు, గోరువంక, నాగలి వెంట నడిచే కొంగ, ఇవన్నీ కూలి అడగని కూలీలు.

లెక్క చూడకుండా పిట్ట మీద కత్తి కట్టిన దేశం సంగతి చెబుతాను. 1958లో చైనాలో, పిచ్చుకలు ధాన్యం తింటున్నాయని, ఊరూవాడా డప్పులు కొట్టి, వాలనివ్వకుండా తరిమి, కోట్లకొద్దీ చంపారు. తరువాత పంటల మీద పురుగు విరగబడింది. ఆ తరువాత వచ్చిన పెద్ద కరువుకు ఇతర కారణాలు చాలా ఉన్నా, ఇదీ ఒకటని చరిత్రకారులు చెబుతారు. 1960లో అక్కడి ప్రభుత్వమే శత్రువుల జాబితాలో పిచ్చుకను తీసేసి, ఆ స్థానంలో నల్లిని చేర్చింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

కాబట్టి రైతు చేయవలసింది పిట్టను చంపడమూ కాదు, ఎప్పుడుపడితే అప్పుడు మేపడమూ కాదు. కాలం చూసి పిలవాలి, కాలం చూసి సాగనంపాలి. ఆ లెక్క ఇట్లా ఉంటుంది.

పైరు ఎదుగుతున్నప్పుడు పిట్టను చేలోకి పిలవండి. వేరుశనగ, పత్తి, కంది, శనగ చేలలో ఆంగ్ల అక్షరం 'టీ' ఆకారంలో కర్రలు పాతండి. వీటినే పక్షి స్థావరాలు అంటారు. పైరు కంటె అడుగు రెండడుగులు ఎత్తుగా, ఎకరానికి 15 నుంచి 20 దాకా చాలు. పసులపోలిగాడు, పాలపిట్ట, గోరువంక వాటిమీద వాలి, శనగపచ్చ పురుగునూ పొగాకు లద్దె పురుగునూ ఏరి తింటాయి. కందిలో కొందరు రైతులు పసుపు కలిపిన అన్నం చల్లుతారు. ఆ పచ్చని మెతుకులకు దిగిన పిట్ట పక్కనే ఉన్న పురుగునూ చూస్తుంది. ఖర్చు ఏమున్నది? వెదురు ముక్కలు, గుప్పెడు నూకలు, చిటికెడు పసుపు. అయితే పిట్టను పిలిచి, మరునాడే ఘాటైన మందు కొట్టవద్దు. విషం తిన్న పురుగును తిని పిట్ట చస్తుంది. చుట్టాన్ని పిలిచి విషం పెట్టినట్లవుతుంది.

గింజ పాలు పోసుకునే వేళకు జొన్న, సజ్జ, వరి చేలలో ఆ కర్రలు పీకేయండి. అప్పుడు ఎరుపు, వెండి రంగుల మెరుపు రిబ్బనును కంకి కంటె కొంచెం ఎత్తులో, తూర్పు పడమరల ఎండ తగిలేట్లు వరుసగా కట్టండి. గాలికి చప్పుడు చేస్తూ మెరుస్తుంది, పిట్ట దిగడానికి జంకుతుంది. మక్క చేనులో గట్టు వరుసల కంకులను దాని ఆకులతోనే చుట్టి కట్టవచ్చు. ఒకటే ఉపాయం రోజుల తరబడి ఉంచితే పిట్టకు భయం పోతుంది, మారుస్తూ ఉండాలి. ఊరంతా ఒక్కసారే విత్తుకుంటే నష్టం అందరికీ పంచుకుపోతుంది. ముందు పండిన ఒక్క చేను మీదనే పిట్టలన్నీ పడవు.

కోత అయిపోయిన తరువాత, చేలు ఖాళీ అయిన తరువాత, ఇంటి చూరుకు కంకుల గుత్తి కట్టండి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా గుత్తి, ఉగాది నుంచి తొలకరి దాకా గుప్పెడు గింజా మూకుడు నీళ్లూ. తొలకరి పడ్డాక పురుగు పుష్కలంగా దొరుకుతుంది, అప్పుడు మేత మానేసినా ఫరవాలేదు. పిట్ట తన కూలికి తాను పోతుంది. ఇది విని మా బావ, "అంటే పని ఉన్నప్పుడు పిలుసుడు, పని లేనప్పుడు తిండి పెట్టుడు. పాలేరును పెట్టుకున్నట్టే ఉన్నది గద!" అన్నాడు. అవును, సరిగ్గా అంతే. వెళ్లేటప్పుడు గుత్తి ఎట్లా కట్టాలో చూపించమని అడిగి, ఒకటి పట్టుకుపోయాడు.

ఇక చివరి మాట. మేత ఒక్కటే పెడితే పిట్ట నిలవదు, దానికి గూడు కావాలి. 2020లో వెలువడిన భారతదేశపు పక్షుల స్థితి నివేదిక ప్రకారం, దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య నిలకడగానే ఉన్నది. కాని హైదరాబాదుతో సహా పెద్ద నగరాల్లో మెల్లమెల్లగా తగ్గుతున్నది. సెల్ టవర్ల వల్లనే తగ్గుతున్నదనడానికి ఆధారాలు లేవని కూడా ఆ నివేదికే చెప్పింది. చూరు లేని ఇల్లు, సందు లేని గోడ, పురుగు లేని వాకిలి అయితే పిచ్చుక ఎక్కడ ఉంటుంది చెప్పండి? గోడకు ఒక చిన్న చెక్కపెట్టె బిగించి, అంగుళంపావు వెడల్పు రంధ్రం చేస్తే అది దానికి మేడ. పెరట్లో ఒక మూల మందు కొట్టకుండా, గడ్డిని, పొదను వదిలేస్తే అది దానికి పొలం.

గ్రామాల్లో తిరిగే విస్తరణాధికారి మిత్రులకు నా మనవి. పురుగుమందుల మోతాదు చెప్పే రోజునే పక్షి స్థావరాల మాట కూడా చెప్పండి. బడి పిల్లల చేత కోత రోజున ఒక్కొక్క గుత్తి కట్టించండి. పిల్ల చేత్తో కట్టిన గుత్తికి పిచ్చుక వచ్చి వాలితే, ఆ పిల్ల పెద్దయ్యాక మందు డబ్బా మీది గడువు చూడకుండా మూత తీయదు.

మా పక్కింటి కుర్రవాడు ఇప్పుడు కొవ్వు ముద్ద కట్టడం లేదు. ఈ సంక్రాంతికి మా బావ చేను నుంచి వచ్చిన కంకులతో గుత్తి తానే అల్లి, మా వసారాకు కట్టాడు. మొదటి రోజు ఏ పిట్టా రాలేదు, రెండో రోజూ రాలేదు. వాడు మొగం చిన్నబుచ్చుకున్నాడు. ఐదో రోజు పొద్దున రెండు పిచ్చుకలు వచ్చి గుత్తి పట్టుకొని ఊగాయి. గోరింట పొదలో పిగిలిపిట్టలు మళ్లీ పుల్లలు చేరుస్తున్నాయి. ఈసారి వాటి రొమ్ము ఈకలు శుభ్రంగా ఉన్నవి.

మీ పంట గింజ పట్టాలనీ, ఆ గింజలో పిట్ట వాటా మీ చూరుకు వేలాడాలనీ కోరుకుంటున్నాను.